చిటికెన వేలి దారం

నాకు అన్నింటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. పాము కాదు, ఉరుము కాదు. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి కింద పడిపోవడం.

మా తమ్ముడు లక్ష్మణ్ మొదటిసారి అలాగే పడిపోయాడు. నీళ్ల బిందె నా చేతికి అందిస్తూ, నవ్వుతూ, ఏదో చెప్పబోతూ పడిపోయాడు. అప్పటి నుంచి ఎవరైనా మాట మధ్యలో ఒక్క క్షణం ఆగితే చాలు. నా చెయ్యి దానంతటదే వాళ్ల భుజం కిందికి పోతుంది.

ఆ భయం మా అమ్మాయి నందినికి కూడా ఒక రోజు తెలిసింది. ఇది ఆ రోజు కథ.

మధ్యాహ్నం కావస్తోంది. సన్నగా తుంపర పడుతోంది. మా ఊరి బడి వరండాలో నందిని ఒక దారపు ఉండ పట్టుకుని నిలబడి ఉంది.

ఆదివారం కాబట్టి బడికి సెలవు. అయినా వరండా నిండా మనుషులే. ఆరో తరగతి గదిలో, అంటే నందిని రోజూ కూర్చునే గదిలోనే, బెంచీలు పక్కకు జరిపి మంచాలు వేశారు. గేటు దగ్గర తెల్ల వ్యాను ఆగి ఉంది. గోడకు ఒక బ్యానరు కట్టారు. దాని మీద 'లక్ష్మణ్ జ్ఞాపకార్థం రక్తదాన శిబిరం' అని రాసి ఉంది. దాని కింద స్టూలు మీద మా తమ్ముడి ఫోటో, ఫోటోకు బంతిపూల దండ. ఫోటోలో వాడు తన ట్రాలీ ఆటో హ్యాండిల్ మీద చెయ్యేసి నవ్వుతున్నాడు.

లక్ష్మణ్ నందినికి మేనమామ. పోయిన ఏడాది ఇదే రోజు చనిపోయాడు. ఒంట్లో రక్తం తయారుకావడం ఆగిపోయే జబ్బు వచ్చింది వాడికి. నాకు సైన్సు అంతగా తెలియదు. నాకు తెలిసింది ఇంతే. కొన్ని వారాలకోసారి వనపర్తి దవాఖానకు తీసుకుపోయేవాళ్లం. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఇచ్చిన రక్తం వాడికి ఎక్కించేవాళ్లు. అలా వాడు రెండేళ్లకు పైగా మాతో ఉన్నాడు.

ఆ రెండేళ్లు మాకు ఇచ్చినవాళ్లు ఎవరో మాకు తెలియదు. అందుకే ఏడాది తిరిగిన రోజున ఈ శిబిరం పెట్టుకున్నాం.

రక్తం ఎక్కించుకున్న రోజు రాత్రి లక్ష్మణ్‌కు వింత వింత కలలు వచ్చేవి. నిజంగా వచ్చేవో, నందిని కోసం అల్లి చెప్పేవాడో నాకు తెలియదు. పొద్దున లేవగానే నందిని వాడి మంచం మీద చేరేది. రాత్రి వచ్చిన కల ఎవరిదని అడిగేది.

"రాత్రిది ఎవరో ఈత వచ్చినోళ్లది బిడ్డా" అనేవాడు వాడు. "కలల కృష్ణ నది మొత్తం ఈదిన. చేపలు నా పక్కపొంటి వచ్చినయ్."

ఇంకోసారి అది ఎవరో లారీ నడిపే ఆయన రక్తమట. కల పొడుగునా రోడ్డే, రోడ్డు చివర ఎప్పటికీ అందని సూర్యుడు. మరోసారి ఎవరో పసిబిడ్డ తల్లిదట. రాత్రంతా ఎవరికో జోల పాడుతూనే ఉన్నాడట. లేచేసరికి గొంతు బొంగురు పోయిందని చెప్పి దగ్గి చూపించాడు.

నందినికి ఒక అనుమానం ఉండేది. ఒకరోజు అడిగేసింది.

"వాళ్ల కల నీకొస్తె వాళ్లకేం మిగుల్తది మామా?"

"రక్తం లెక్కనే బిడ్డా. ఇస్తె మల్ల ఊరుతది."

ఆ మాట నందిని మనసులో బావిలో వెన్నెల పడ్డట్టు ఉండిపోయింది.

ఇప్పుడు దారం సంగతి చెప్పాలి.

మల్దకల్ చుట్టుపక్కల మా ఊళ్లలో విత్తన పత్తి వేస్తారు. ఆ పత్తికి పని అంతా చేతులతోనే. సాయంత్రం పూట ఆడవాళ్లు వరుసగా నడుస్తూ మొగ్గలు ఒలుస్తారు, అంటే లోపలి మగ భాగం తీసేస్తారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి, ఒలిచిన దానికి మెల్లగా అద్దుతారు. అద్దిన వెంటనే కాడకు ఒక దారం ముక్క కడతారు. దారం ఉందంటే దాని పని అయిపోయిందని గుర్తు. ఇక ఎవరూ దాన్ని మళ్లీ చూడరు.

పొద్దున పని అయ్యాక, సాయంత్రం పని మొదలయ్యేలోపు మధ్యాహ్నం కొంచెం తీరిక ఉంటుంది. ఆ తీరికలోనే వచ్చి రక్తం ఇస్తామన్నారు ఆడవాళ్లు. వాళ్లంతా లక్ష్మణ్ ఆటోలో చేన్లకు పోయినవాళ్లే.

వ్యానులో వచ్చిన పద్మజ సిస్టర్ ముందే ఒక మాట గట్టిగా చెప్పింది. ఖాళీ కడుపుతో రక్తం ఇస్తే కళ్లు తిరుగుతాయి. తినని వాళ్లు ముందు తినాలి. అందుకే వరండా చివర ఉప్మా గంగాళం, అరటిపండ్లు పెట్టాం. వచ్చినవాళ్లను తిన్నారా అని అడిగి, తిన్నవాళ్లను లోపలికి, తినని వాళ్లను ఉప్మా దగ్గరికి పంపే పని నందినికి ఇచ్చాం.

ఎవరిని అడిగానో, ఎవరిని అడగలేదో కలిసిపోతుందని నందిని దారం ఆలోచన చేసింది. తిన్నవాళ్ల చిటికెన వేలికి తెల్ల దారం కడుతుంది. అది చూసి సిస్టర్ లోపలికి రానిస్తుంది. మొదట నా వేలికే కట్టి చూసింది, ముడి గట్టిగా ఉందో లేదో అని. తర్వాత వరుసలో ఉన్న వెంకటమ్మ వేలు పట్టుకుంది.

వెంకటమ్మ మా వీధే. మాట పడనివ్వదు.

"మేమేమన్న పత్తి పువ్వులమా పిల్లా, దారం కడుతున్నవ్?" అంది.

వరండా అంతా నవ్వింది. నందినికి గర్వంగా అనిపించింది. గబగబా అడుగుతూ, గబగబా కడుతూ పోయింది. తిన్నవా అత్తా? తిన్న. తిన్నవా పెద్దమ్మా? ఆఁ, తిన్న. ప్రశ్న అడుగుతుండగానే ముడి పడిపోయేది.

అప్పుడే లోపలి నుంచి మొదటి రక్తం సంచి బయటికి వచ్చింది. వ్యాను అతను దాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద తీసుకుపోయి చల్లపెట్టెలో పెట్టాడు. తుంపరలో వ్యాను అద్దం మసకగా ఉంది. నందిని చూపు దాని వెంటే పోయింది.

అది ఎవరి దగ్గరికి పోతుంది? నాగర్‌కర్నూల్‌లో ఒక అవ్వ దగ్గరికా? శ్రీరంగాపూర్‌లో నందిని అంత పిల్ల దగ్గరికా? ఈ రాత్రి వాళ్లకు ఏం కల వస్తుంది? తెల్లగా విచ్చుకున్న పత్తి పువ్వు మర్నాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది. దానికి కూడా రాత్రి ఎవరో రక్తం ఎక్కిస్తారా?

అలా ఆలోచిస్తూ ఉండగా ఎదురుగా ఇంకో చెయ్యి వచ్చింది. పెద్ద చెయ్యి, గ్రీజు మరకలు. ఈదన్నది.

ఈదన్న లక్ష్మణ్‌కు చిన్నప్పటి దోస్తు. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదివారు, ఒకే సైకిల్ మీద తిరిగారు. లక్ష్మణ్ పోయాక ఆ ట్రాలీ ఆటోను ఈదన్నే నడుపుతున్నాడు. నందినికి అతను కూడా మామే.

"తిన్నవా మామా?" అంది నందిని, వ్యాను వైపు చూస్తూనే.

"కట్టు బిడ్డా" అన్నాడు ఈదన్న.

నందిని కట్టింది.

లోపల సిస్టర్ ఈదన్న వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసింది. బరువు చూసింది, బీపీ చూసింది. అన్నీ బాగున్నాయి. తిన్నారా అని అడిగింది. ఈదన్న చిటికెన వేలు పైకెత్తి చూపించాడు. సిస్టర్ నవ్వి, మంచం మీద పడుకోమంది.

కాసేపటికి వరుస పలచబడింది. నందినికి పని లేదు. మామ ఫోటో దగ్గరికి పోయి నిలబడింది. దండలోంచి ఒక బంతి రెక్క రాలి ఫోటో చట్రం మీద పడి ఉంది. దాన్ని తీయబోయి ఆగిపోయింది.

ఫోటో ముందు ఒక అరటిపండు, ఒక జ్యూస్ పాకెట్ ఉన్నాయి. పాకెట్‌కు స్ట్రా కూడా గుచ్చలేదు.

రక్తం ఇచ్చి లేచిన వాళ్లకు సిస్టర్ ఇచ్చేవి అవి. ఇక్కడే కూర్చుని తాగాలి, కాసేపు కదలకూడదు అని చెప్పి మరీ ఇస్తుంది. ఎవరో తాగకుండా తెచ్చి మామకు పెట్టిపోయారు.

పత్తి చేను మీద పొగమంచు విడిపోయినట్టు, నందినికి ఒక్కొక్కటే కనపడసాగింది. ఇందాక అందరూ చాయ్ తాగుతుంటే ఈదన్న మామ గ్లాసు నిండుగా గోడ మీద పెట్టేశాడు. ఉప్మా గంగాళం మోసుకొచ్చి దించాడు కానీ దాని దగ్గర నిలబడలేదు. తిన్నవా అంటే తిన్న అనలేదు. కట్టు అన్నాడు.

బయట ఆటో స్టార్ట్ అయిన చప్పుడు వినపడింది.

సాయంత్రం పనికి వేళయింది. ఆడవాళ్లు అప్పటికే ట్రాలీలో ఎక్కి కూర్చున్నారు. రక్తం ఇచ్చిన నలుగురైదుగురు చెట్టు కింద ఆగిపోయారు, ఇవ్వని మిగతావాళ్లు చేనుకు పోవాలి. చేనుకు పోయే దారి పొడుగునా కాలువ గట్టే. ఒక పక్క నిండుగా నీళ్లు.

నందిని మొదట ఒక అడుగు వేసి ఆగిందట. తర్వాత నాకు చెప్పింది. తను సరిగ్గా అడగలేదని అందరికీ తెలిసిపోతుంది. సిస్టర్ తిడుతుందేమో. దారం ఆలోచన ఎంత బాగుందో అని పొగిడిన వాళ్లంతా నవ్వుతారేమో. ఆ ఒక్క అడుగు దగ్గర ఇవన్నీ వచ్చాయట.

అప్పుడు ఫోటోలో మామ చెయ్యి కనపడింది. హ్యాండిల్ మీద వేసిన చెయ్యి.

రోజూ చీకటి విడవకముందే మామ ఆటో వచ్చి వీధి మలుపులో ఆగేది. మంచులో ఆ ఒక్క లైటే కనపడేది. ఎక్కే ప్రతి మనిషినీ మామ ఒకటే అడిగేవాడు. ఏం తిన్నవ్? చెప్పేదాకా బండి కదిలేది కాదు. తిన్నలే పోనియ్ అంటే కుదరదు, ఏం తిన్నదో చెప్పాలి. నువ్వేమన్న మా అత్తవా అని వెంకటమ్మ ఎన్నిసార్లు తిట్టిందో. మామ వినేవాడు కాదు. సీటు కింద పల్లీలు, బెల్లం ఉండేవి. చెప్పడానికి ఏమీ లేని వాళ్ల ఒళ్లో అవి పడేవి. అప్పుడే ఆటో కదిలేది.

నందిని పరిగెత్తింది. వరండా మెట్లు దూకి, బురదలో జారి, లేచి, గేటు దాటి వెళ్లి ఆటో ముందు నిలబడింది. ముందు చక్రానికి ఆమె మోకాళ్లకు మధ్య బెత్తెడు దూరం కూడా లేదు.

"ఏయ్, పక్కకు జరుగు బిడ్డా" అన్నాడు ఈదన్న.

"ఏం తిన్నవ్ మామా?"

ఈదన్న హ్యాండిల్ పక్కకు తిప్పబోయాడు.

ట్రాలీలో ఆడవాళ్లు గొణుక్కున్నారు. మబ్బు పట్టింది, పొద్దు పోతుంది, ఈ పిల్లకు ఇప్పుడేం ఆట అని ఒకామె విసుక్కుంది. వెంకటమ్మ మాత్రం ట్రాలీ అంచు పట్టుకుని ముందుకు వంగింది. ఆ ప్రశ్న ఆమెకు బాగా తెలుసు. ఏడాదిగా ఎవరూ అడగని ప్రశ్న అది.

"పొద్దటి నుంచి ఏం తిన్నవ్ మామా?" మళ్లీ అడిగింది నందిని. అక్కడి నుంచి కదల్లేదు.

ఈదన్న ఇంజను ఆపాడు. పిల్లను పక్కకు జరుపుదామనుకున్నాడో, జవాబు చెప్పుదామనుకున్నాడో, సీటు మీద నుంచి దిగాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మొహం పిండిలా తెల్లబడింది. మోకాళ్లు మెల్లగా మడతపడ్డాయి.

నేను వరండాలోంచి చూశాను. గరిటె నా చేతిలోంచి జారిపోయింది. నా చెయ్యి ముందుకు చాచుకుని ఉంది, కానీ మధ్యలో వాకిలంతా ఉంది.

వెంకటమ్మ ట్రాలీలోంచి దూకి అతని వీపు పట్టుకుంది. నందిని అతని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి అతన్ని మట్టి మీదకు మెల్లగా దించారు. తల నేలకు తగల్లేదు.

పద్మజ సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. గుంపును వెనక్కి జరగమంది. బడి బెంచీ ఒకటి తెప్పించి, ఈదన్న కాళ్లు ఎత్తి దాని మీద పెట్టించింది. చొక్కా బొత్తాలు వదులు చేసింది. నాడి చూసింది. కాసేపటికి ఈదన్న కళ్లు తెరిచాడు. మొదట ఆకాశం చూశాడు. తర్వాత నందినిని చూశాడు. సిస్టర్ మెల్లగా లేపి చక్కెర కలిపిన నీళ్లు కొంచెం కొంచెంగా తాగించింది.

భయం లేదు, తినకుండా ఇవ్వడం వల్లే ఇలా అయింది అని సిస్టర్ చెప్పింది. నేను అప్పుడు ఊపిరి తీసుకున్నాను.

నందిని అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది.

"నేను అడిగిన గని ఇనలె" అంది సిస్టర్‌తో. "ఊకెనే దారం కట్టిన."

సిస్టర్ ఆమెను దగ్గరికి తీసుకుంది. తిట్టలేదు. తను కూడా వేలు చూసింది కానీ మొహం చూడలేదని చెప్పింది. ఇందాక నవ్వినవాళ్లు ఎవరూ నవ్వలేదు. అందరూ ఎవరి చిటికెన వేలు వాళ్లు చూసుకుంటున్నారు.

ఎందుకు తినలేదని సిస్టర్ అడిగింది, నేను అడిగాను. చివరికి మా అమ్మ వచ్చి పక్కన కూర్చున్నాక చెప్పాడు.

పొద్దున మా ఇంట్లో లక్ష్మణ్‌కు విస్తరి పెట్టాం, కాకి వచ్చి ముట్టేలా పిట్టకు పెట్టాం. ఈ రోజు ఒక్కపొద్దు ఉంటానని మా అమ్మ పట్టుబట్టింది. ఒక్కపొద్దు ఉంటే పొద్దుగూకి దీపం పెట్టేదాకా మెతుకు ముట్టకూడదు. రక్తం ఇచ్చే రోజు అలా ఉండొద్దని నేనే ఆపాను. అప్పుడు మా అమ్మ ఒక మాట అంది. నా కొడుక్కు అన్నో తమ్ముడో ఉంటే వాడన్నా ఉండేవాడు, ఎవ్వరూ లేకపోయిరి అని. ఆ సమయంలో ఈదన్న మా వాకిట్లో నీళ్ల క్యాన్లు దించుతున్నాడు. ఆ మాట విన్నాడు. ఎవరితోనూ చెప్పకుండా, ఆ ఒక్కపొద్దు తనే పట్టాడు.

"పొద్దుగూకులు తినకుంట చేన్ల పని చేసినోన్ని" అన్నాడు తల వంచుకుని. "గింత రక్తం ఇస్తె ఏమైతది అనుకున్న."

మా అమ్మ అతని తల నిమిరింది. లేచి వరండాలోకి పోయింది. ఫోటో ముందు దీపం వెలిగించింది. సాయంత్రం ఇంకా కాలేదు. కానీ మబ్బు వల్ల వెలుగు పొద్దుగూకినట్టే ఉంది, దీపం ఆ మసకలో చిన్న పువ్వులా నిలబడింది. ఇంటి నుంచి లక్ష్మణ్‌కు పెట్టిన వంటే తెప్పించింది. జొన్న రొట్టె, పుంటికూర పప్పు, అంటే గోంగూర పప్పు. రొట్టె తుంచి, పప్పులో అద్ది, ఈదన్న నోటి దగ్గర పెట్టింది.

"నా కొడుకు పేరున ఒక్కపొద్దు ఉన్నవ్" అంది. "ఇగ నా చేతుల ఇడువు కొడుకా."

ఈదన్న నోరు తెరిచాడు. నమిలాడు. కళ్లలో నీళ్లు కారుతున్నా నమిలాడు. మా అమ్మ ఇంకో ముద్ద పెట్టింది. ఇంకోటి పెట్టింది.

నందిని ఎదురుగా గొంతుక్కూర్చుని చూస్తోంది. ఆమెకు కొత్త దిగులు మొదలైంది. ఆకలితో ఉన్న రక్తం కదా అది. ఆ రక్తం ఎవరికి ఎక్కిస్తారో, వాళ్లకు రాత్రి ఆకలి కల వస్తుందేమో. మెల్లగా ఆ మాట ఈదన్నను అడిగింది. లక్ష్మణ్ కలల కథలు అతనికీ తెలుసు.

ఈదన్న నమలడం ఆపి ఆలోచించాడు.

"రాదు బిడ్డా" అన్నాడు. "వాళ్లకు కలల పుంటికూర పప్పు కనవడ్తది. పొద్దుగాల లేసి వాళ్లమ్మను వండమని సతాయిస్తరు."

మా అమ్మ నవ్వింది. ఏడాదిలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

ఆటోను ఆ పూట మా ఆయన నడుపుతానన్నాడు. ఆడవాళ్లు మళ్లీ ట్రాలీలో సర్దుకుని కూర్చున్నారు. ఆయన తాళం తిప్పబోతుంటే నందిని ఆగమంది. ట్రాలీ వెనక చెక్క పట్టుకుని పైకెక్కింది. చివరన కూర్చున్న ఆమెతో మొదలుపెట్టింది.

"ఏం తిన్నవ్ అత్తా?"

జొన్న రొట్టె, కారం. నందిని ఆ మాట పూర్తిగా విని, ఆమె మొహం చూసి, అప్పుడు పక్కామె దగ్గరికి జరిగింది. అన్నం, చింతపులుసు. తర్వాతామె ఉప్మా. తర్వాత వెంకటమ్మ.

వెంకటమ్మ చిటికెన వేలికి తెల్ల దారం ఉంది. వరుసలో మొదట కట్టించుకుంది ఆమే. అయినా నందిని అడిగింది.

వెంకటమ్మ కొంగు సర్దుకుంది. చేను వైపు చూసింది.

"చాయ్ తాగిన" అంది.

నందిని కదల్లేదు. ఇందాక వెంకటమ్మ రక్తం ఇవ్వలేకపోయింది, కొద్దిసేపట్లో మళ్లీ పిలుస్తాం కూర్చోమని సిస్టర్ చెబితే పనికి టైం అవుతుందని వచ్చేసింది. అంటే ఖాళీ కడుపుతో పొద్దుగూకేదాకా వంగి మొగ్గలు ఒలవబోతోంది.

"చాయ్ తింటరా అత్తా?"

"ఇగో, మీ మామ పోయిండనుకుంటె మల్ల పుట్టిండు" అంది వెంకటమ్మ. నవ్వబోయి మొహం పక్కకు తిప్పుకుంది. చేతి వెనకతో ముక్కు తుడుచుకుంది.

నందిని దిగి పోయి ఆకులో ఉప్మా పెట్టుకొచ్చింది. వెంకటమ్మ తినడం అయ్యేదాకా ఆటో కదల్లేదు. ఈసారి పొద్దు పోతుందని ఎవరూ అనలేదు.

సాయంత్రానికి తుంపర ఆగింది. తెల్ల వ్యాను గద్వాల రోడ్డు మీద చిన్నదవుతూ, చిన్నదవుతూ చుక్కయిపోయింది. నందిని దానికి చెయ్యి ఊపుతూనే ఉంది. ఆ చుక్కలో ఎన్ని నదులు, ఎన్ని రోడ్లు, ఎన్ని జోలపాటలు పోతున్నాయో. దారి పక్క చేనులో నిన్నటి పువ్వులన్నీ గులాబీ రంగుకు తిరిగి ఉన్నాయి.

ఈదన్న వరండాలో గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. మా అమ్మ పక్కనే కూర్చుని కొంగుతో విసురుతోంది. నేను గంగాళం కడిగి బోర్లించాను. ఆకులు ఏరి పారేశాను. బెంచీలు వాటి చోటుకు జరుపుతున్నాను.

నందిని వరండా నేల మీద పడి ఉన్న దారం ముక్కలు ఏరుతూ ఏరుతూ నా దాకా వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. చిటికెన వేలికి మధ్యాహ్నం కట్టి చూసిన దారం ఇంకా ఉంది. అన్నింటికంటే మొదటి దారం. అప్పుడు నందిని ముడి చూసింది, నన్ను ఏమీ అడగలేదు.

ఆ పొద్దున సిస్టర్ నాకు కూడా వేలి నుంచి చుక్క తీసి చూసింది. రక్తం తక్కువుంది, ఇప్పుడు ఇవ్వొద్దు అని పంపేసింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. వెళ్లి ఉప్మా కలిపాను.

నందిని ఆ దారం విప్పింది. ముడి గట్టిగా బిగిసింది, పళ్లతో లాగి విప్పింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"అమ్మా, ఏం తిన్నవ్?"

అందరికీ పెట్టాను అని చెప్పబోయాను. అది జవాబు కాదని నాకే తెలిసింది.

నందిని వాళ్ల మామ ఆటోలో ఆగినట్టే ఆగింది. తొందర లేదు. చూపు ఎటూ పోలేదు. నేను తల అడ్డంగా ఊపాను.

నందిని నా చేతిలోంచి బెంచీ విడిపించి, నన్ను దాని మీదే కూర్చోబెట్టింది. అమ్మమ్మ దగ్గరికి పోయి మిగిలిన రొట్టె, గిన్నె అడుగున ఉన్న పుంటికూర పప్పు తెచ్చింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా చూసింది.

మీ ఇంట్లో కూడా అందరికీ వడ్డించి చివరన తినే మనిషి ఒకరు ఉంటారు. లేదా మీ పక్కింట్లో, ఎవరూ అడగని వాళ్లు ఒకరు ఉంటారు. ఈ పుస్తకం మూసి, ఇప్పుడే ఒకసారి వాళ్ల దగ్గరికి పోయి రండి. ఏం తిన్నారో అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడే ఉండండి.